సుమో బండి తరువాత ఏ బండి?



మొన్న నేను కంభం మీదుగా గిద్దలూరు పోతూ దారిలో ఒక ఊళ్లో ఆగాను. ఒక ఇంటి ముందు వేపచెట్టు కింద పాత టాటా సుమో వున్నది. ముందు చక్రాలు విప్పి రాళ్ల మీద నిలిపారు. ఆ ఇంటి పెద్దాయన మంచం వాల్చి కూచోమని మజ్జిగ ఇప్పించి, సంగతి చెప్పుకొచ్చాడు. "మిరపకాయలు అమ్మిన డబ్బు కొంత చేతిలో వున్నది. ఇట్టాంటి బండే కొత్తది తెద్దామంటే, ఇప్పుడు చెయ్యటం లేదంట. మావాడు ఒకటి అంటాడు, అల్లుడు ఇంకొకటి అంటాడు. మీరైనా చెప్పండయ్యా, ఏం కొనమంటారు?" అన్నాడు.

ఇది ఆయన ఒక్కడి ప్రశ్న కాదు. మార్కాపురం, గిద్దలూరు, కంభం, దోర్నాల, యర్రగొండపాలెం ప్రాంతాల్లో సుమో లేని పెద్ద ఊరు ఒకప్పుడు అరుదు. కాబట్టి ఆయనకు చెప్పిన జవాబే ఇప్పుడు మీకూ చెబుతాను.

ముందు ఆ బండి సంగతి. టాటా వారు సుమోను 1994లో తెచ్చారు. ఆ కంపెనీని చాలాకాలం నడిపిన సుమంత్ మూల్గావ్‌కర్ గారి పేరులోని మొదటి అక్షరాలు కలిపి దానికి ఆ పేరు పెట్టారు. మోటుగా పెట్టెలాంటి ఆకారం, లారీకి వలె కింద ఇనుప చట్రం, వెనక కమాన్లు, డీజిల్ ఇంజిను, పదిమంది దాకా కూచునే చోటు. సినిమాల్లో సుమోలు గాలిలోకి లేచినా, మన ఊళ్లలో మాత్రం అవి పెళ్లివారిని, పేషెంట్లను, శ్రీశైలం భక్తులను మోశాయి. చెడిపోతే ఊళ్లో మెకానిక్కే బాగుచేసేవాడు.

2019లో దాని తయారీ ఆగిపోయింది. ఆ సంవత్సరంలోనే కార్లకు గాలిసంచి, బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ మొదలైన రక్షణలు తప్పనిసరి అయినాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి పొగ తగ్గించే బిఎస్-6 నిబంధన వచ్చింది. పాత బండ్లను ఆ లెక్కకు మార్చాలంటే ఖర్చు చాలా అవుతుంది. అందువల్ల ఆ కాలంలో చాలా పాత రకాలు వెళ్లిపోయినాయి. అచ్చం అలాంటిదే మరొకటి దొరుకుతుందని వెతకవద్దు. అలాగయితే మరి ఏం చెయ్యాలి?

ఒక కాగితం తీసుకోండి. పాత బండి నెలలో ఏ పని ఎన్నిసార్లు చేసేదో రాయండి. పెద్దాయన చేత అలాగే రాయించాను. ఇంటావిడకు మోకాళ్ల నొప్పులు; నెలకు రెండుసార్లు ఒంగోలు ఆసుపత్రికి ప్రయాణం. పెళ్లిళ్లు, పేరంటాలు సగటున నెలకు రెండు. మార్కాపురం బజారు పని వారానికి ఒకసారి. మిరపకోతల కాలంలో కూలీలను చేనికి తోలటం, వెనక సీట్లు విప్పి మిరప టిక్కీలు వేసుకోవటం, ఎరువు బస్తాలు, బోరు ఎండిన రోజున నీళ్ల డ్రమ్ములు. రాసి చూసుకొంటే ఆయనకే నవ్వు వచ్చింది. "ఇన్ని పనులు ఒక్కదానితో చేయించానా!" అన్నాడు.

అసలు విషయం అక్కడే వున్నది. సుమో ఒక బండి కాదు. మూడు బండ్ల పని చేసిన బండి. మనుషుల బండి, సరుకు బండి, కూలీల బండి. ఈ మూడు పనులు ఒకే బండి చేత చేయించాలని చూస్తేనే తప్పు బండి కొంటాము, తప్పుగా వాడతాము. మూడింటినీ విడదీసి చూద్దాము.

మొదట మనుషుల సంగతి. కుటుంబం కోసమైతే, సుమోకు దగ్గరి చుట్టం మహీంద్రా బొలేరో. అది 2000 సంవత్సరం నుంచి వున్నది. ఇనుప చట్రం, వెనక చక్రాలకు శక్తి, ఒకటిన్నర లీటరు డీజిల్ ఇంజిను, నాలుగు మీటర్ల లోపు పొడవు. మన మట్టిదారులకు తట్టుకుంటుంది. అయితే వెనక రెండు సీట్లు పక్కకు తిరిగి వుంటాయి. వాటిలో పిల్లలు ఊరి పొలిమేర దాకా కూచోవచ్చు గాని, పెద్దవాళ్లు ఒంగోలు దాకా కూచోలేరు. ప్రమాదం జరిగినప్పుడు పక్కకు తిరిగిన సీటు ముందుకు చూసే సీటంత కాపాడదు. కనుక దాన్ని ఏడుగురి బండి అని కాక, అయిదుగురి బండి, పైన ఇద్దరికి ఇరుకు చోటు అని లెక్క వేసుకోండి.

2021లో వచ్చిన బొలేరో నియోలో ఇంజిను బలం ఎక్కువ. కాని 2024 ఏప్రిల్‌లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ దాన్ని గుద్ది పరీక్షించి, అయిదు చుక్కలకు ఒక్క చుక్క మాత్రమే ఇచ్చింది. ఇనుము మందంగా కనిపించినంత మాత్రాన లోపలివారికి రక్షణ వున్నదని అనుకోరాదు. 2023 అక్టోబరు నుంచి మన దేశంలోనే భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష మొదలయింది. ఏ బండికి పోయినా, "దీనికి ఎన్ని చుక్కలు వచ్చినాయి?" అని అడగండి. పరీక్షే జరగలేదంటే అదీ ఒక జవాబే.

మీ దారి మొత్తం తారు రోడ్డే అయితే, ఇంట్లో ఆరేడుగురు వుంటే, మారుతి ఎర్టిగా వంటివి కూడా చూడవచ్చు. వెనక సీట్లు ముందుకే చూస్తాయి, ఎక్కటం దిగటం సులువు. ఆ కంపెనీ 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు మానివేసింది. కనుక అది పెట్రోలు లేక గ్యాసు బండి. నిండా మనుషులతో వాగు ఇసుకలో దించే పనికి మాత్రం అది తగదు. ఇక థార్ వంటి బండ్లు చూడటానికి పాత జీపులాగా పెట్టె ఆకారంలో వుంటాయి. మన కుర్రవాళ్లకు వాటి మీద మోజు. మూడు తలుపుల థార్‌లో కూచునేది నలుగురే. ఆకారం సుమోది, చోటు స్కూటరు కంటే కొంచెం ఎక్కువ. ఆకారం చూసి డబ్బు కట్టకండి.

పదిమంది నిజంగా రోజూ తిరిగే ఇల్లు గాని, కిరాయి నడిపే ఉద్దేశం గాని వుంటే ఫోర్స్ కంపెనీ ట్రాక్స్ క్రూయిజర్ వున్నది. కిరాయికి తిప్పాలంటే పసుపు బోర్డు, పర్మిటు, ఫిట్‌నెస్ అన్నీ కావాలి. ఆ లెక్క రవాణా శాఖ ఆఫీసులో ముందే అడిగి తెలుసుకోవలె.

రెండవది సరుకు. మిరప టిక్కీ ఒకటి నలభై, నలభై అయిదు కిలోలు. ఇరవై టిక్కీలంటే ఎనిమిది, తొమ్మిది క్వింటాళ్లు. అంత బరువు కారులో వేస్తే కమాన్లు కుంగుతాయి, బ్రేకులు ఆలస్యంగా పడతాయి. గిద్దలూరు నుంచి నంద్యాల పోయే ఘాటులో, దోర్నాల నుంచి శ్రీశైలం పోయే ఘాటులో బ్రేకు ఆలస్యమైతే ఏమవుతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. సరుకు మోయటానికి పికప్ బండి, లేక టాటా ఏస్ వంటి చిన్న బండి వేరే వున్నది. సంవత్సరంలో నలభై యాభై రోజులు సరుకు తోలేవారు అలాంటిది కొనుక్కోవచ్చు. పది రోజులు తోలేవారికి కిరాయి బండే లాభం. ఒక సౌకర్యం గుర్తుంచుకోండి: కారు లైసెన్సు వున్నవారు మొత్తం బరువు 7,500 కిలోలు మించని సరుకు బండి నడపవచ్చునని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

మూడవది కూలీలు. ఈ మాట కొంచెం నొప్పిగా వుంటుంది, అయినా చెప్పాలి. సూర్యోదయం కాకముందే ఏడు సీట్ల బండిలో పదిహేనుమంది ఆడకూలీలను కుక్కి, ఇద్దరు ముగ్గురిని వెనక తలుపు పట్టుకొని నిలబెట్టి తోలటం మనకు అలవాటయింది. సరుకు బండిలో, ట్రాక్టరు ట్రాలీలో తోలటం మరీ అలవాటు. సరుకు బండి బీమా సరుకు యజమానికి వర్తిస్తుంది గాని, ఊరకే ఎక్కించుకొన్న మనుషులకు వర్తించదు. తెల్ల బోర్డు కారులో డబ్బు తీసుకొని మనుషులను తోలినా బీమా వారు అభ్యంతరం చెబుతారు. ప్రమాదం జరిగితే నష్టపరిహారం బండి యజమాని నెత్తిన పడుతుంది. పొలం అమ్మినా తీరదు. అంతకంటే ముఖ్యం, పోయిన మనిషి తిరిగి రాదు. ఆ తల్లి మన ఊరి మనిషే, మన చేనికే వస్తున్నది. సీట్లు వున్నంతమందినే ఎక్కించండి. ఎక్కువమంది వుంటే రెండు ట్రిప్పులు వేయండి, లేక పర్మిటు వున్న బండి మాట్లాడుకోండి.

ఇక డబ్బు లెక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,500 సీసీ లోపు ఇంజిను వున్న డీజిల్ కారుకు పన్ను 18 శాతం. అంతకు మించిన వాటికి 40 శాతం. సరుకు బండ్లకు 28 నుంచి 18 అయింది. డ్రైవరుతో కలిపి పదిమంది, అంతకు మించి కూచునే బండికీ 18 శాతమే. ఒక్క చూపులో తేడా చిన్నదనిపిస్తుంది గాని, లక్షల మీద అది లక్షే.

అప్పు మాట. పది లక్షల బండికి రెండు లక్షలు చేతి నుంచి కట్టి, ఎనిమిది లక్షలు నూటికి పది వడ్డీకి అయిదేళ్లకు తెస్తే, నెల వాయిదా దాదాపు 17,000 రూపాయలు. సంవత్సరానికి రెండు లక్షల నాలుగు వేలు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 14 చొప్పున 71 లీటర్ల డీజిల్. లీటరు నూరు రూపాయలనుకొంటే మరో 7,100. బీమా, టైర్లు కాకుండానే నెలకు 24,000 దాటింది. మీరు నెలకు అయిదుసార్లే దూరం పోయేవారయితే, సారికి 3,000 కిరాయి ఇచ్చినా 15,000తో తీరుతుంది. లెక్క మీదే, వేసుకొని చూడండి. మనది బోరు నమ్ముకొన్న నేల. బోరు ఎండవచ్చు, మిరప ధర పడిపోవచ్చు. వాయిదా మాత్రం ఒకటో తేదీకి వస్తూనే వుంటుంది. ఒక పంట పూర్తిగా పోయినా కట్టగలిగేటంత వాయిదాకే ఒప్పుకోండి.

కొత్త డీజిల్ బండి తెచ్చేవారికి మరొక మాట. బిఎస్-6 బండ్లలో చాలావాటికి పొగగొట్టంలో మసి పట్టే వడపోత వుంటుంది. రోజూ ఇంటి నుంచి చేనికి రెండు కిలోమీటర్లే తిప్పితే ఆ మసి కాలక, వడపోత మూసుకుపోతుంది. అప్పుడప్పుడు ఖాళీ రోడ్డు మీద ఒక అరగంట ఆగకుండా నడపాలి. హెచ్చరిక దీపం వెలిగితే అశ్రద్ధ చేయక, బండితో ఇచ్చిన పుస్తకం చూడవలె. కల్తీ డీజిల్ పోయించరాదు. కొనేముందే మీ ఊరికి దగ్గరి సర్వీసు షాపు ఎక్కడ వున్నదో కనుక్కోండి.

పాత సుమోనే బాగుచేయించుకోవచ్చా అని కొందరు అడుగుతారు. చట్రం తుప్పు పట్టకపోతే, పనికి తగ్గ ఖర్చయితే చేయించండి. ఢిల్లీలో పదేళ్ల డీజిల్ బండ్లకు పెట్టిన నిషేధం ఇక్కడిది కాదు. కాని పదిహేనేళ్లు నిండిన కారు రిజిస్ట్రేషన్ కొనసాగించుకొనే రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలయింది; ఫిట్‌నెస్ పరీక్షా కావాలి. అమ్మివేస్తే 29, 30 నంబరు ఫారాల మీద పేరు మార్పించండి. తుక్కుకు ఇస్తే ఆర్‌సి రద్దు చేయించండి. పేరు మీ మీద వున్నంతకాలం, ఆ బండి చేసే తప్పూ మీదే.

గ్రామ వ్యవసాయ సహాయకులకు ఒక మనవి. రైతు బండి కొంటానని వచ్చినప్పుడు ఫలానాది కొనమని చెప్పకండి. ఆ పనుల కాగితం రాయించండి, వాయిదా లెక్క వేసి చూపండి. అది చాలు.

పెద్దాయన చివరికి ఏం చేశాడంటారా? ఇంటావిడను వెంటబెట్టుకొని షోరూములకు పోయి, ప్రతి బండీ ఆమె చేత ఎక్కించి దింపించాడట. "నేను ఎక్కలేని బండి మనకెందుకు?" అన్నదట ఆ తల్లి. ఆ ఒక్క మాటతో రెండు బండ్లు పక్కకు పోయినాయి. ఆమెకు అందిన మెట్టు వున్న బండికే బయానా ఇచ్చారు. అప్పు అనుకొన్నదానిలో సగమే. టిక్కీలకు ఈసారి కిరాయి పికప్ మాట్లాడుకొన్నారు.

మీరూ అలాగే మీ పని చూసుకొని, మీ నేల చూసుకొని, ఇంట్లో ఎక్కేవారిని అడిగి కొనండి.