పొద్దుటి గ్లాసు



పొద్దున ప్రార్థన వరుసలో కళ్లు తిరిగి కూలబడే పిల్లలను మా టీచర్లందరూ చూస్తూనే ఉంటారు. ఏం తిన్నావంటే "చాయ్, రస్కు" అంటారు. చాయ్ ఆకలిని కాసేపు చంపుతుంది, తిండిలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు. 2023 అక్టోబరు 6న సర్కారు బడుల్లో అల్పాహార పథకం మొదలైంది. అన్ని బడులకూ అది చేరలేదు. మధ్యాహ్న భోజనం దాకా ఆ బిడ్డకు లెక్కలేం ఎక్కుతాయి?

తల్లులకు తీరిక లేని మాట నిజమే. అందుకే ఐదు నిమిషాల పని చెబుతున్నాను. రాత్రే పాలు తోడుపెట్టి, రెండు ఖర్జూరాలు గింజ తీసి నానబెట్టండి. పొద్దున బాగా మగ్గిన అరటిపండు, ఆ ఖర్జూరాలు, గిన్నెడు పెరుగు మిక్సీలో తిప్పితే చాలు. చక్కెర వద్దు. కరెంటు లేకుంటే చేత్తో మెదిపి కవ్వంతో చిలకండి. పలుకులు తగిలితే పిల్లలకు ఇంకా ఇష్టం. చెంచాడు వేయించిన రాగి పిండి కలిపితే ఆకలి ఎక్కువసేపు ఆగుతుంది. అరటికి బదులు బొప్పాయి, చలికాలంలో సీతాఫలం. జామను మాత్రం కొరికి తినడమే మేలు.

రంజాన్‌లో ఖర్జూరాలు ధారాళంగా పంచుతాం. మిగతా పదకొండు నెలలకూ స్కాలర్‌షిప్పులతో పాటు పండ్లకు, పెరుగుకు కొంత సొమ్ము తీసిపెట్టాలని నా మనవి. పరీక్షల నెలతో మొదలుపెట్టినా సరే.