పసిబిడ్డల పోషణము



పోతనామాత్యుని భాగవతమునందు కుచేలుని బిడ్డలు ఆకొని తల్లి నన్నమడుగుదురు. ఆ తల్లికి బిడ్డలను బెంచుట తెలియక గాదు; ఇంట గింజ లేక. నేడును బక్కచిక్కిన బిడ్డను జూచి తల్లిని నిందించువారు ఈ సంగతి మరువరాదు.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములు వానకొరత గల మెట్టనేలలు. పూర్వమిచ్చట రాగి, కొర్ర, సజ్జ మెండుగా పండెడివి. రొక్కమునకై వేరుసెనగ వ్యాపించినది. వాన తప్పిన యేట రొక్కమును లేదు, గింజయు లేదు. తల్లిదండ్రులు బెంగుళూరికి కూలికి బోవుదురు. చంటిబిడ్డ అవ్వకడ గంజితో పెరుగును. పదునెనిమిదేండ్లు నిండకయే పెండ్లియైన బాలిక, అందరును తినిన పిమ్మట మిగిలినది తిని, తక్కువ తూకపు బిడ్డను గనును.

ఆరు నెలల వరకు తల్లిపాలే చాలునని వైద్యులందురు. పిదప పాలతోపాటు పప్పు, ఆకుకూర, గ్రుడ్డు, మెత్తని రాగిసంకటి కొంచెము కొంచెముగా పలుమారు పెట్టవలెను. ఆరు నెలలు దాటి ఐదేండ్లలోపు బిడ్డకు జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తక్కువైనచో వెంటనే ఆసుపత్రికి గొనిపోవలెను.

సమగ్ర శిశు అభివృద్ధి పథకము 1975లో నారంభమై అంగన్‌వాడీలను దెచ్చినది. అచ్చటి పుస్తకమున బిడ్డ తూకము వ్రాయుదురు. అడంగలులో పైరు వ్రాయుదురు. ఆ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చదివినగాని వ్యాధిమూలము తెలియదు.

కుచేలునకు ద్వారకలో చెలికాడుండెను. ఈ బిడ్డలకు గ్రామమే తోడు కావలెను: కూలితల్లి బిడ్డకు నీడ, రాగిపైరుకు గొంత నేల, బాలికకు చదువు.