బడి పెద్దయు, బిడ్డల తల్లిదండ్రులును

పూర్వము పల్లెలలో బిడ్డను బడిలో వేయునపుడు తండ్రి పంతులుగారితో, “కన్నులు రెండును విడిచి తోలు ఒలిచినను మాకు సమ్మతమే” అని చెప్పి పోవుచుండెను. ఆ మాటతో అతని బాధ్యత తీరినది. మరల ఆ ఇరువురును కలిసికొనుట దసరా పండుగకే. అప్పుడైనను పంతులుగారే పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికిని వచ్చెడివారు గాని తండ్రి బడి గడప త్రొక్కుట లేదు.

నేడు చట్టమే తండ్రిని, అంతకు మించి తల్లిని, బడిలోనికి పిలుచుచున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 1998లోనే పాఠశాలల నిర్వహణలో ప్రజల భాగస్వామ్యమును గురించి ఒక శాసనము చేయబడినది. పిమ్మట 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చి, ప్రభుత్వ పాఠశాలలకును, ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలలకును యాజమాన్య కమిటీలను విధించినది. కమిటీ సభ్యులలో నాలుగింట మూడు వంతులు పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో కావలెను; సగము మంది స్త్రీలు కావలెను. బడి నడచు తీరును గమనించుట, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయుట, వచ్చిన నిధులు ఎట్లు వ్యయమగుచున్నవో చూచుట వారి పనులు. (సొంత నిధులతో నడచు ప్రైవేటు బడులకు ఈ నిబంధన లేదు. వేలకు వేలు రుసుము చెల్లించు తండ్రికి లేని అధికారము ఏమియు చెల్లింపని కూలితల్లికి కలిగినదన్న మాట!)

చిక్కు ఇచ్చటనే ఉన్నది. మన రాష్ట్రములలో ఈ కమిటీకి సభ్య కన్వీనరు ప్రధానోపాధ్యాయుడే. సమావేశమును పిలుచువాడు ఆయన, లెక్క వ్రాయువాడు ఆయన, తీర్మానము వ్రాయువాడును ఆయనయే. తనను తనిఖీ చేయవలసిన సభను తానే కూర్చవలెను. ఎంతటి సత్పురుషునకైనను ఇది ఇబ్బందికరమైన స్థితియే. కావుననే పెక్కు చోట్ల సమావేశము జరుగుటకు బదులు మినిట్స్ పుస్తకము ఒక విద్యార్థి చంకనెక్కి ఇంటింటికిని తిరుగును. పొయ్యి ముందున్న తల్లి చేయి తుడుచుకొని సంతకము చేయును. ఏ తీర్మానమునకు చేసితినని అడుగదు.

మేమెరిగిన ఒక పల్లెబడిలో ఒక తల్లి అడిగినది. ఆమె కూలి పనికి పోవునది. సంతకము మాత్రమే నేర్చినది. తోటి తల్లిదండ్రులు ఆమెను అధ్యక్షురాలిగా ఎన్నుకొనిరి. ప్రహరీగోడ మరమ్మతునకు చెక్కుమీద సంతకము చేయవలసి వచ్చినపుడు, “సిమెంటు ఎన్ని బస్తాలు వచ్చినవి అయ్యా? చూచి చేసెదను” అన్నది. ప్రధానోపాధ్యాయుడు చిన్నబుచ్చుకొనెను. ఇరువది యేండ్లుగా ఒక్క పైసకు ఆశపడని మనుష్యుడు ఆయన. “నన్ను దొంగయనుచున్నావా అమ్మా?” అనెను. ఆమె అట్లనలేదు. బస్తాలు లెక్కింపవలెననినది, అంతే. వారము దినములు పని నిలిచినది.

ఆయన కష్టమును మేము తక్కువ చేయుట లేదు. ఇద్దరు ఉపాధ్యాయులతో ఐదు తరగతులు నడుపవలెను. మధ్యాహ్న భోజనపు లెక్కలు, గ్రుడ్ల లెక్కలు చూడవలెను. పైయధికారి ఏ పూట ఏ వివరము అడుగునో తెలియదు. దీనికి తోడు కమిటీ యెన్నిక కొన్ని యూళ్లలో పంచాయతీ యెన్నిక వలెనే రెండు వర్గముల పోరాటమగును. గెలిచినవాడు బిడ్డ చదువు మాట విడిచి తన బావమరిదికి గోడ పని అడుగును. అట్టివానికి “కాదు” అని చెప్పగల ప్రధానోపాధ్యాయుడు ఆ యూరికి మేలు చేసినవాడే.

అయినను మా తూనిక తల్లిదండ్రుల వైపే కొంచెము మొగ్గుచున్నది. ఉపాధ్యాయుడు బదిలీయై పోవును. బిడ్డ ఆ యూరిలోనే యుండును. ఆంధ్రప్రదేశములో 2019లో ఆరంభమైన ‘మన బడి నాడు–నేడు’ పనులను తల్లిదండ్రుల కమిటీల ద్వారా జరిపించిరి. తెలంగాణములో 2024లో ‘అమ్మ ఆదర్శ పాఠశాల’ కమిటీల పేర స్వయం సహాయక సంఘముల స్త్రీలకు బడి మరమ్మతుల బాధ్యత నొప్పగించిరి. ధనము వచ్చినపుడు పిలిచి, పని ముగియగానే మరచినచో వారు మేస్త్రీలే యగుదురు గాని సభ్యులు కారు. మా బిడ్డకు మూడవ తరగతిలో చదువుట వచ్చినదా అని అడుగు హక్కు బస్తాలు లెక్కించు హక్కు కంటె పెద్దది. దానిని అడుగువారు నేటికిని కొలదిమందియే.

ఆ పల్లె సంగతి సగములో విడిచితిమి. తుదకు ఆమె వచ్చి బస్తాలు లెక్కించినది; లెక్క సరిపోయినది; చెక్కు మారినది; గోడయు లేచినది. ప్రధానోపాధ్యాయునకు మాత్రము ఆ ములుకు చాలకాలము పోలేదు. పిమ్మట కొన్ని మాసములకు ఆమె మరల వచ్చినది. బాలికల మరుగుదొడ్డికి తాళము వేసియుండుటచే పెద్దపిల్లలు మధ్యాహ్నమే ఇంటికి వచ్చివేయుచున్నారని చెప్పినది. పాడుచేయుదురని తాళము వేసితినని ఆయన అనెను. నీరు పోసి కడుగుటకు తల్లులము వంతులు వేసికొందుమని ఆమె అన్నది. ఆయన కొంతసేపు మాటాడక కూర్చుండి, బల్ల సొరుగు లాగి తాళపుచెవి తీసి ఆమె చేతిలో పెట్టెను.