షివా బేబీ: చావింట్లో ఒక పూట

ఈ ఎపిసోడ్‌లో 'షివా బేబీ' అనే సినిమా గురించి మాట్లాడుకుందాం. పేరు వినగానే సైకిల్ చైన్ గుర్తొస్తే ఆగండి, ఇది ఆ శివ కాదు. యూదుల్లో ఎవరైనా పోతే, ఖననం అయ్యాక దగ్గరివాళ్ళు ఏడు రోజులు ఇంట్లోనే కూర్చుంటారు. చుట్టాలు, తెలిసినవాళ్ళు తిండి పట్టుకొచ్చి పలకరించి వెళ్తారు. అదే షివా.

కథంతా దాదాపు ఆ ఒక్క ఇంట్లో, ఒక్క పూటలో అయిపోతుంది. డేనియల్ కాలేజీ అమ్మాయి. పోయిందెవరో కూడా సరిగ్గా తెలీకుండానే వస్తుంది. పిల్లల్ని చూసుకునే పని చేస్తున్నానని ఇంట్లో చెప్పి, నిజానికి ఒక పెద్దాయన దగ్గర డబ్బు తీసుకుంటూ ఆయనతో గడుపుతుంటుంది. ఆయనా అక్కడికే వస్తాడు. వెనకే పెళ్ళాం, చంటిపిల్ల! పైగా ఈ అమ్మాయి ఒకప్పుడు ప్రేమించిన అమ్మాయి కూడా అక్కడే.

డైరెక్టర్ ఎమ్మా సెలిగ్మన్‌ది కెనడా. న్యూయార్క్ యూనివర్సిటీలో చదివేటప్పుడు తీసిన షార్ట్ ఫిల్మ్‌నే 77 నిమిషాల సినిమా చేసింది. 2020 మార్చిలో సౌత్ బై సౌత్‌వెస్ట్‌లో వేయాల్సింది, కరోనా వల్ల ఆ ఫెస్టివలే రద్దయింది. సెప్టెంబర్‌లో టొరంటోలో ఆడింది, 2021 ఏప్రిల్‌లో అమెరికాలో రిలీజ్ అయింది. రాటెన్ టొమాటోస్‌లో 90 శాతం పైనే. 2022లో ఇండిపెండెంట్ స్పిరిట్ అవార్డ్స్‌లో తక్కువ బడ్జెట్ సినిమాలకిచ్చే జాన్ కాసవెటిస్ అవార్డు కూడా వచ్చింది.

రివ్యూలు చదివితే చాలామంది ఒకటే అన్నారు: ఇది కామెడీ వేషంలో ఉన్న హారర్ అని. అందులో సగం క్రెడిట్ ఆరియల్ మార్క్స్ మ్యూజిక్‌ది. వయొలిన్ తీగలు గీకుతుంటే, ఎవరో ఆంటీ "చిక్కిపోయావేంటే" అన్నా దెయ్యం వచ్చినంత భయమేస్తుంది.

తప్పులు పట్టినవాళ్ళూ ఉన్నారు. అందరూ ఒకే ఇంట్లో తేలడం మరీ ఎక్కువ అన్నారు. నిజమే, నాకూ అనిపించింది. ఇంకోటి, హీరోయిన్ రేచెల్ సెన్నాట్ యూదురాలు కాదు, క్యాథలిక్ ఇంట్లో పుట్టింది. యూదురాలు కాని కోడలిగా చేసిన డయానా ఆగ్రాన్ మాత్రం యూదురాలు! ఈ చర్చలో న్యాయం ఉంది, కానీ తేల్చాల్సింది వాళ్ళు, నేను కాదు.

నాకు గుచ్చుకున్నది వేరే. అమ్మానాన్నలకి కూతురి బతుకేంటో సరిగ్గా తెలీదు, అయినా కనపడినవాళ్ళకల్లా ఏదో గొప్పగా చెప్తుంటారు. మా తాతయ్య పెద్దకర్మ రోజు మా ఇంట్లోనూ ఇదే. నేను ఉద్యోగం మానేసి అప్పటికి ఐదు నెలలు. అమ్మ అందరికీ "వర్క్ ఫ్రమ్ హోమ్" అని చెప్పుకుంటూ వచ్చింది. భోజనాల బల్ల దగ్గర మావయ్య అడిగాడు, "ప్యాకేజీ ఎంతరా ఇప్పుడు?" గారె నోట్లో ఉంది. పాత జీతానికి ఇంకో రెండు లక్షలు కలిపి చెప్పాను. వడ్డిస్తున్న అమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది, తర్వాత నాకు ఇంకో గారె వేసింది.

ఈ వీడియో మావయ్య చూస్తాడేమో. చూడనీ. ఉంటానండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.