ఫోన్ ఎత్తితే పైసలు పోవు – మోగాలంటేనే పైసలు కట్టాలె

(గోదావరిఖని కార్మిక వాడలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ రోజు నేను మాట్లాడేది మన చేతిల ఉన్న సెల్‌ఫోన్ గురించి. గని డ్యూటీ దిగి వచ్చినోళ్లు, కాంట్రాక్టు కార్మికులు, పింఛన్ తీసుకునే ముసలోళ్లు – అందరి నోటా ఒకటే మాట: "కొత్త నంబరొస్తే ఎత్తకుండ్రి, ఎత్తంగనే పైసలు పోతయంట." ఈ మాటలో నిజమెంత, అబద్ధమెంత విడమరిచి చూసుకోవాలె. ఎందుకంటే మోసగాడి చేతిల మనం నష్టపోతున్నం, పుకారు చేతిల కూడా నష్టపోతున్నం.

ఈ భయం గాలిలోంచి పుట్టలేదు. మన దేశంలో సెల్‌ఫోన్ 1995 జూలై 31న మొదలైంది. అప్పుడు చేసిన కాలుకే కాదు, వచ్చిన కాలుకూ నిమిషాల లెక్కన పైసలు కట్టాల్సి వచ్చేది. 2003 మే 1 నుంచి 'చేసినోడే కట్టాలె' అనే పద్ధతి వచ్చింది, ఇన్‌కమింగ్ ఉచితమైంది. అంతకు ముందు మన వాడలకు సెల్లు ఎక్కడిది? ఎస్టీడీ బూత్ నంబరే మన నంబరు. మనిషిని పిలిపిస్తే బూత్ ఆయనకు చిల్లర ఇచ్చుకోవాలె. ఊర్లల్ల ఫోన్ ఉన్నదంటే దొర ఇంట్లనో, పటేలు ఇంట్లనో. దూరంల ఉన్న కొడుకుతోని మాట్లాడాలంటే మన తల్లి వాకిట్ల చేతులు కట్టుకొని నిలబడాలె. ఇన్‌కమింగ్ ఉచితమైనంక ఆ వాకిలి తప్పింది. జేబుల చిల్లిగవ్వ లేకున్నా మన ఫోన్ మోగింది. మనకు అదొక గౌరవం. అందుకే దీని మీద పుకారు పుట్టినా, చార్జి పడినా ముందు దెబ్బ తగిలేది మనకే.

ఇక నిజాలు వినుండ్రి.

ఒకటి. మన దేశంల ఉండి, వచ్చిన కాల్ ఎత్తినంత మాత్రాన బ్యాలెన్స్ కట్ కాదు, బ్యాంకుల పైసలు పోవు. "హ్యాష్ 90 నొక్కితే సిమ్‌కు నకలు తయారైతది" అనే పుకారు 2012లోనే దేశమంతా తిరిగింది. అది అబద్ధం. రెండు సిమ్‌లు ఉంటే ట్రాయ్ చార్జి వేస్తదని 2024 జూన్‌లో ఇంకోటి లేచింది. ట్రాయ్ అంటే టెలిఫోన్ కంపెనీల మీద సర్కారు పెట్టిన నియంత్రణ సంస్థ. అదంతా ఉత్తదేనని ఆ సంస్థే చెప్పింది.

రెండు. ఒక్కసారి మోగి ఆగిపోయే విదేశీ నంబరు ఉంటది. అది మోసమే. కానీ మోసం ఎత్తుడుల లేదు, తిరిగి చేసుడుల ఉన్నది. మనం తిరిగి చేస్తే నిమిషానికి ఎక్కువ చార్జి పడే నంబరుకు పోతది, అండ్ల వాటా మోసగాడికి చేరుతది.

మూడు. రికార్డు గొంతు వచ్చి "పాట కావాలంటే ఫలానా అంకె నొక్కండి" అంటది. నొక్కితే సేవ మొదలై పైసలు కట్ అయితయి. మనం రెండుసార్లు ఒప్పుకుంటేనే ఇట్లాంటి సేవ మొదలుపెట్టాలని ట్రాయ్ 2013లో ఆదేశమిచ్చింది. అడగని సేవ తగులుకుంటే 155223కు ఫోన్ చేసి తీసేయించవచ్చు.

నాలుగు. గల్ఫ్‌కు పోయిన మన పిల్లలు ఇక్కడి సిమ్‌ను అక్కడ వాడితే, వచ్చిన కాలుకు కూడా రోమింగ్ చార్జి పడుతది. ఇది పుకారు కాదు, నిజం.

ఐదు. అసలు దోపిడీ మాటల్లో ఉంటది. "సీఎంపీఎఫ్ పింఛన్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నం, లైఫ్ సర్టిఫికెట్ ఫోన్‌లనే చేస్తం, ఓటీపీ చెప్పు" అంటరు. "సింగరేణిల కొలువు పెట్టిస్తం, ముందు ఇంత పంపు" అంటరు. దళారులను నమ్మొద్దని యాజమాన్యమే పలుమార్లు హెచ్చరించింది. "స్టార్ 401 స్టార్ కొట్టి ఈ నంబరు నొక్కు" అంటరు. నొక్కితే మనకొచ్చే కాల్స్ వాడికి మళ్లుతయి. "నిన్ను డిజిటల్ అరెస్టు చేసినం" అంటరు. అట్లాంటి అరెస్టు మన చట్టంలనే లేదు. ఓటీపీ చెప్పొద్దు, తెలియని లింకు నొక్కొద్దు, పైసలు తీసుకునేటందుకు పిన్ కొట్టొద్దు. పైసలు పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలె. ఎంత తొందరగా చేస్తే ఆ పైసలను మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

మరి పుకారుతోని వచ్చే నష్టమేంది? "ప్లస్ గుర్తుతోని వచ్చే నంబరు ఏదీ ఎత్తొద్దు" అని వాట్సాప్‌ల తిరుగుతున్నది. ప్లస్ 91 మన దేశం నంబరే. ప్లస్ 971 దుబాయి, ప్లస్ 966 సౌదీ. పెద్దపల్లి, కరీంనగర్, జగిత్యాల నుంచి ఎంతమంది గల్ఫ్‌ల ఉన్నరు! అక్కడ కొడుకు జరంతోని పండుకొని, పక్కోడి ఫోన్‌తోని అమ్మకు చేస్తడు. అమ్మ పుకారు విని ఎత్తదు. ఈ నష్టం ఏ లెక్కల రాస్తరు? పుకారు ఇంకా ముందుకు పోతే ప్రాణమే తీస్తది. పిల్లల్ని ఎత్తుకపోయేటోళ్లు తిరుగుతున్నరని ఫోన్లల్ల పాకిన అబద్ధానికి 2018 జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడలో ఐదుగురు సంచార జాతి బిచ్చగాళ్లను గుంపు కొట్టి చంపింది. చచ్చింది ఎవరు? ఇల్లు, వాకిలి లేని పేదోళ్లు.

పుకారును నమ్మేది తెలివి లేక కాదు. కంపెనీ షరతులు ఇంగ్లీషుల, చీమ తలకాయంత అక్షరాలల్ల ఉంటయి. అడుగుదామంటే మనిషి దొరకడు, మెషీన్ మాట్లాడుతది. నిజం చెప్పేటోడు లేని కాడ పుకారే పంతులైతది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్న. ఇన్‌కమింగ్ మీద చార్జి నిజంగనే పడ్డది. కానీ దాని మీద ఏ పుకారూ లేదు! 2006 ప్రాంతంల కంపెనీలు 'జీవితకాలం ఇన్‌కమింగ్' అని 999 రూపాయలకు సిమ్‌లు అమ్మినయి. 2018 చివరకొచ్చేసరికి ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా కనీసం 35 రూపాయల రీచార్జి లేకుంటే ఇన్‌కమింగ్ ఆపుతమన్నయి. 2024 జూలైల ఈ రెండింటి 28 రోజుల ప్యాకు 179 నుంచి 199 రూపాయలకు పెరిగింది. నెలకు 28 రోజులంటే ఏడాదికి 12 కాదు, 13 రీచార్జులు. 199 చొప్పున 2,587 రూపాయలు. నెట్ వాడని ముసలమ్మ కూడా నెట్‌కు కలిపి కట్టాల్సి వచ్చింది.

నెట్ లేని ప్యాకులు పెట్టాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది. 2025 జనవరిలో ఎయిర్‌టెల్ మాటలకే 365 రోజుల ప్యాకు 1,849 రూపాయలకు తెచ్చింది. అప్పటి ధరల లెక్క చూడుండ్రి: ఒక్కసారే 1,849 కట్టగలిగినోడికి తక్కువ, 28 రోజులకోసారి కూడబెట్టి కట్టేటోడికి 738 రూపాయలు ఎక్కువ! లేనోడికే ఎక్కువ ధర. ఆ రీచార్జి ఆగితే ఏమైతది? "రేపు పనికి రా" అని సూపర్‌వైజర్ చేసే కాల్ రాదు, ఒక హాజరు పోతది. పింఛన్ పనికి ఆధార్ ఓటీపీ రాదు.

మిత్రులారా! కనబడని దొంగకు భయపడి, కనబడే చార్జిని అడగకుండ ఉన్నం. కాబట్టి ప్రతి వాడలో రెండు పనులు చేద్దాం. చదువుకున్న పిల్లలు ఆదివారం ఆదివారం అంబేడ్కర్ విగ్రహం కాడ కూసోని, పెద్దోళ్ల ఫోన్లు చూడాలె – ఏ ప్యాకు ఉన్నది, ఏ సేవ తగులుకున్నది, కాల్స్ ఎటన్నా మళ్లుతున్నయా అని. 1930, 155223 నంబర్లు గోడ మీద పెద్దగా రాయాలె. ఎవరన్నా భయపెట్టే మెసేజ్ పంపితే, నిజమని తేలేదాకా ఇంకొకరికి పంపొద్దు.

రెండోది, సంతకాలు సేకరించి ట్రాయ్‌కి పంపుదాం. రీచార్జి లేకున్నా ఇన్‌కమింగ్ ఆపొద్దు. మాటలకే ఉన్న ప్యాకు నెలనెలా కొద్దికొద్దిగా కట్టుకునేటట్టు ఉండాలె. షరతులు తెలుగుల, కండ్లకు కనబడేటట్టు రాయాలె. చదువు అంటే నౌకరీ కోసం మాత్రమే కాదని బాబాసాహెబ్ జీవితం మనకు చూపింది. మన బిల్లు మనం చదవాలె, మన లెక్క మనం అడగాలె.

జై భీమ్!