లెక్కల పుస్తకంలో బొమ్మలు
(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లం. మా తెలుగులో తప్పులు దొర్లితే మన్నించాలి. పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. మేము బొమ్మల గురించి చెబుతాము. కారణం ఉంది.

పోయిన యేడు తొమ్మిదో తరగతి పిల్లవాడి లెక్కల నోటుబుక్కు దిద్దుతుంటే సగం పేజీల్లో బొమ్మలే కనబడ్డాయి. మన హఫీజ్‌పేట్ స్టేషను దగ్గర జామపండ్లు అమ్మే ముసలమ్మ, ఆటోలో కాళ్లు చాపి నిద్రపోతున్న డ్రైవరు. మాకు కోపం వచ్చి ఆ కాగితాలు చింపేశాము. తండ్రిని పిలిపించి చెప్పాము. ఆయన ఇంటికి పోయి మిగిలినవి కూడా చింపాడట. ఆ తరువాత పిల్లవాడు బొమ్మలు మానేశాడు. లెక్కలు మాత్రం ఏమీ బాగుపడలేదు.

అప్పుడు మాకు మక్బూల్ ఫిదా హుస్సేన్ సాహెబ్ చిన్ననాటి సంగతులు గుర్తొచ్చాయి. ఆయన స్వయంగా రాసుకున్నవే. 1915లో పండరీపురంలో పుట్టారు. ఏడాదిన్నర నిండకముందే తల్లి పోయింది. ఆమె ముఖం కూడా ఆయనకు గుర్తు లేదు. తండ్రి ఫిదా సాహెబ్ ఇండోర్‌లో బట్టల మిల్లులో లెక్కలు రాసే ఉద్యోగి. పిల్లవాడిని బరోడాలో మన మదర్సా వంటి చోట, హాస్టల్లో పెట్టారు. ఖత్తాతీ, అంటే అందమైన అక్షరాలు రాసే విద్య, అక్కడే పట్టుబడింది. ఒకరోజు డ్రాయింగు మాస్టరు బోర్డు మీద సుద్దముక్కతో పెద్ద పక్షిని గీసి, పలకల మీద దించమన్నారు. మక్బూల్ పలక మీద అచ్చం అదే పక్షి వాలింది. పదికి పది మార్కులు!

తండ్రి కోరిక మాత్రం కొడుకు వ్యాపారి కావాలని. బడి లేనప్పుడు చిన్నాన్న దుకాణంలో కూర్చోబెట్టారు. ఈయనకు సరుకుల ధరలు ఒక్కటీ గుర్తుండేవి కావు. లెక్కల పుస్తకంలో పది రూపాయలు రాస్తే ఇరవై బొమ్మలు వేసేవారు. మూట మోసే కూలీ, ముసుగు వేసుకున్న ఆడమనిషి, దుకాణానికి వచ్చిన పఠాను గడ్డం, అన్నీ అందులోనే. ఒకసారి కొల్హాపూర్ శాంతారాం గారి ‘సింహగఢ్’ సినిమా ప్రకటన చూసి, నూనె రంగులతో బొమ్మ వేయాలన్న పిచ్చి పట్టింది. అప్పటిదాకా పెన్సిలు, నీటి రంగులే. డబ్బు ఎక్కడిది? రెండు బడి పుస్తకాలు అమ్మేసి రంగులు కొని, దుకాణంలోనే కూర్చుని మొదటి నూనెరంగుల చిత్రం వేశారు. చిన్నాన్న మండిపడి తండ్రికి ఫిర్యాదు చేశాడు. తండ్రి ఆ బొమ్మను చూసి, కొడుకును దగ్గరికి తీసుకుని కౌగలించుకున్నాడు.

ఇక్కడే మేము కాసేపు ఆగిపోయాము. మిల్లు గుమాస్తా, ఎన్ని జీతం రాళ్లు తెచ్చేవాడో! ఆ తరువాత బేంద్రే అనే చిత్రకారుడిని మక్బూల్ ఇంటికి తీసుకొస్తే, ఆయన మాట విని మరునాడే బొంబాయి నుంచి రంగులు, కాన్వాసు తెప్పించాడు. ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అని ఆలోచించలేదు.

మన ఇళ్లలో ఇంకో సందేహం ఉంది, దాచిపెట్టడం దేనికి? ప్రాణుల బొమ్మలు వేయవచ్చునా అని. మేము ముఫ్తీలం కాము. సందేహం ఉన్నవారు ఆలిములను అడగండి. అడగకుండా కాగితాలు చింపడం మాత్రం మేము చేసిన తప్పే.

తరువాతి కథ మీకు కొంత తెలిసే ఉంటుంది. బొంబాయిలో నిచ్చెన ఎక్కి సినిమా హోర్డింగులు వేశారు. చదరపు అడుగుకు కొన్ని అణాల కూలి. పెళ్లయ్యాక పిల్లల బొమ్మలు, చిన్న చిన్న కుర్చీలు తయారు చేశారు. కళాశాల చదువు ఏదో కొద్దిగా. మిగతాదంతా వీధి నేర్పినదే. 1947లో బొంబాయిలో కొత్త చిత్రకారుల బృందంలో చేరారు. మన హైదరాబాదుతో కూడా ఆయనకు సంబంధం ఉంది. లోహియా గారి ప్రోత్సాహంతో, ఇక్కడి బద్రీవిశాల్ పిత్తీ గారి అండతో రామాయణం మీద సుమారు 150 చిత్రాలు వేశారు. 1991లో పద్మవిభూషణ్ వచ్చింది. వృద్ధాప్యంలో వివాదాలు, దేశం విడిచిపోవడం, 2011లో లండన్‌లో మరణం – అది వేరే ప్రసంగం. ఈవేళ మాకు కావలసింది ఆ దుకాణంలోని పిల్లవాడు.

ఒక్క మనవి. మన సంఘం హాలు ఆదివారం ఉదయం ఖాళీగానే ఉంటుంది. పది చాపలు, కొంత కాగితం, రంగులు పెడితే మేము వచ్చి కూర్చుంటాము. బొమ్మలు నేర్పడం మాకు రాదు, తలుపు తీసి పెడతాము, అంతే. ఒక రైలు స్టేషను దాటితే హైటెక్ సిటీ. మాదాపూర్‌లో చిత్రాల గ్యాలరీ కూడా ఉంది. నెలకోసారి పిల్లల్ని తీసుకుపోవచ్చు.

మొన్న శుక్రవారం నమాజు తరువాత ఆ పిల్లవాడి తండ్రిని కలిసి సలాం చేశాము. ఒక డ్రాయింగు పుస్తకం, రంగుల డబ్బా చేతికిచ్చి, “భాయ్, ఆరోజు తొందరపడ్డది మేమే” అన్నాము. ఆయన తీసుకున్నాడు, ఏమీ అనలేదు. నిన్న బడిలో పిల్లవాడిని అడిగాము. పుస్తకం ఇంట్లో బీరువా మీద ఉందట, ఇంకా తెరవలేదట.