శత్రువేషము ధరించిన మిత్రుడు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



గ్రామలెక్కలు వ్రాసికొను నాకు గురుముఖమున నేర్చిన పాండిత్యము లేదు. ఈ గ్రంథాలయపు బల్లమీద తాత్పర్యము పట్టుకొని చదివినదే నా చదువు. భారవి కిరాతార్జునీయమును ఇచ్చటనే చదివితిని. పాశుపతము కోరి తపస్సు చేసిన అర్జునునికి శివుడు వెంటనే అస్త్రము నీయలేదు. కిరాతవేషమున వచ్చి, తగవు పెట్టుకొని, పోరాడి, బలాబలములు చూచిన పిమ్మటనే యిచ్చెను. నేటి వైమానికదళమునందును ఆ కిరాతుడున్నాడు.

సముద్రమునకు దూరమున పెద్దపల్లి సీమలో నున్న మనకు విమానముల మాట యేల యని తలపవలదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసినవి. జనులు పిల్లాజెల్లలతో ఊరు విడిచిపోయిరి. అట్టి దెబ్బ పడకముందే దాని రూపెఱుగవలెనన్న, మనవారిలోనే ఒకరు శత్రువు కావలెను.

1971లో పంజాబులోని ఆదంపూరున మన వైమానికదళము ఇట్టి శిక్షణసంస్థను నెలకొల్పినది. నేడది టాక్డే అను పేరుతో గ్వాలియరున నున్నది. మేటి వైమానికులు శత్రువుల పోరువిధము నేర్చి, శిక్షణకు వచ్చిన మనవారికే ఎదురు నిలుతురు.

కాని క్షిపణికి గుఱిగా మనిషిని పంపరాదు గదా! అందులకు పైలటు లేని విమానములు కలవు. బెంగుళూరున రూపొందిన 'లక్ష్య' పొడవైన తీగకు గుఱిని కట్టి యీడ్చుకొనిపోవును. పనియైన పిదప పారాషూటుతో దిగును. తరువాత వచ్చిన 'అభ్యాస్' చిన్నదే యైనను, ముక్కునందలి కటకమువలన రాడారునకు పెద్ద విమానమువలె తోచును. క్షిపణి ఎంత దూరమున తప్పినదో కొలుచు పరికరమును దానియందు కలదు.

2023 డిసెంబరున బాపట్ల చెంత సూర్యలంక తీరమున 'అస్త్రశక్తి' విన్యాసము జరిగినది. హైదరాబాదు శాస్త్రజ్ఞులు రూపొందించిన ఆకాశ్ క్షిపణులు నాలుగు గుఱులను ఏకకాలమున, సుమారు 25 కిలోమీటర్ల దూరమున కొట్టినవి.

తగిలిన గుఱికి అందఱును చప్పట్లు కొట్టుదురు. లెక్కలవాడనగు నాకు నచ్చినది తప్పిన దూరమును కొలుచుటయే. ఒకమారు పహాణీలో ఒక ముసలమ్మ భూమిని కొన్ని గుంటలు తక్కువ వ్రాసితిని. మూడుమార్లు కూడినను తప్పు నా కంటబడలేదు. ఆమె ఎదురువాదమునకు దిగి, గట్టువెంట నన్ను నడిపించి చూపెను. ఆనాడు కోపించితిని. నేడు ఆమెకు నమస్కరించుచున్నాను.

మన శాస్త్రకారులు పూర్వపక్షమును బలముగా చెప్పిన పిమ్మటనే సిద్ధాంతము చెప్పిరి. మన గ్రంథాలయమున మాత్రము, నచ్చని పుస్తకములను బీరువానుండి తీసివేయుడన్న మాట ఈ ఇరువదియైదేండ్లలో వినబడినది. అట్లన్నవారిలో నేనును ఒకడను. ఆ మాటను ఈ సభాముఖమున వెనుకకు తీసికొనుచున్నాను. ఆ పుస్తకములు బీరువాలోనే యుండనిండు. మన తలపు ఎంత దూరమున గుఱి తప్పినదో అవియే కొలిచి చెప్పగలవు.